ఇన్వర్టర్ ఎర్తింగ్: కరెంటు పోయాక కూడా పనిచేయాలంటే

"బ్యాటరీ 12 వోల్టులే కదండీ, దానికి ఎర్త్ దేనికి?" విజయవాడలోనో గుంటూరులోనో ఇన్వర్టర్ బిగించే చోట ఈ మాట వినపడని రోజుండదు. బ్యాటరీ 12 వోల్టులే, నిజమే. ఇన్వర్టర్ వెనక సాకెట్లోంచి బయటికొచ్చేది మాత్రం 230 వోల్టులు. స్తంభం మీది కరెంటు ఎలా కొడుతుందో ఇదీ అలాగే కొడుతుంది.

ఎర్తింగ్ అనగానే అందరి చూపూ గుంట మీదికే పోతుంది. ఎంత లోతు, ఎంత ఉప్పు, ఎంత బొగ్గు అని లెక్కలు మొదలవుతాయి. గుంట సగం పనే. మిగతా సగం ఇన్వర్టర్ తర్వాత ఏ బ్రేకర్ ఉంది, న్యూట్రల్ ఎటు నుంచి ఎటు పోతోంది అన్నదాంట్లో ఉంది. ఇంటి మనిషికి తెలియకుండా ఉండిపోయేదీ ఈ రెండో సగమే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

లీకైన కరెంటు వెనక్కి ఎలా వెళుతుంది

వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ని భూమిలో కలిపి ఉంచుతారు. మన ఇంటి ఎర్త్ గుంట కూడా అదే భూమిలో ఉంది. ఫ్రిజ్ లోపల ఎక్కడో ఫేజ్ వైరు ఒరుసుకుని బాడీకి తగిలిందనుకోండి. ఆ కరెంటు ఎర్త్ వైరు మీదుగా మన గుంటలోకి దిగి, మట్టిలోంచి ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్‌కి చేరి, అక్కడి న్యూట్రల్‌తో కలవాలి. ఈ చుట్టు పూర్తయితేనే ఏ బ్రేకర్ అయినా పడుతుంది.

మన గుంట నిరోధం (కరెంటుకి అది పెట్టే అడ్డు) 5 ఓమ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ 2 ఓమ్‌లు అనుకుందాం. మంచి ఎర్తే. 230ని 7తో భాగిస్తే దాదాపు 33 ఆంపియర్లు. ఇళ్లలో వాడే 10 ఆంపియర్ల సి టైపు ఎంసీబీ (లోడు మించినా, షార్ట్ అయినా పడే చిన్న బ్రేకర్) తక్షణం పడాలంటే 50 నుంచి 100 ఆంపియర్లు కావాలి. 33 ఆంపియర్లకి అది వేడెక్కి పడాల్సిందే, అందుకు కొన్ని సెకన్లు పడుతుంది. ఆ సెకన్లలో ఫ్రిజ్ బాడీ మీద ఉండే వోల్టేజి 33 ఇంటూ 5, అంటే సుమారు 164 వోల్టులు. గుంట బాగున్నా పరిస్థితి ఇది.

ఇప్పుడు కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తోందనుకోండి. 900 వీఏ ఇన్వర్టర్ ఇవ్వగలిగేదే 4 ఆంపియర్లు. దాంతో 10 ఆంపియర్ల ఎంసీబీ ఎన్నటికీ పడదు. ఎర్త్ గట్టిగా ఉంటే ఓవర్‌లోడ్ అయి ఇన్వర్టరే ఆగిపోతుంది. అదే ఎర్త్ ఎండిపోయి 200 ఓమ్‌లకి చేరితే లీకయ్యేది 1.15 ఆంపియర్లు, అంటే 264 వాట్లు. ఇన్వర్టర్ కళ్లకి అది ఇంకో మూడు ఫ్యాన్లు వేసినట్టే. హాయిగా సరఫరా చేస్తూనే ఉంటుంది.

అందుకని ఇన్వర్టర్ అవుట్‌పుట్ మీద 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టి తీరాలి. ఫేజ్‌లో వెళ్లిన కరెంటుకీ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన దానికీ తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరేలోపే ఇది పడిపోతుంది. పై లెక్కలోని 1.15 ఆంపియర్లు దాని హద్దుకి దాదాపు 40 రెట్లు. ఎర్త్ కాస్త బలహీనంగా ఉన్నా ఇది ఊరుకోదు.

మెయిన్‌లో ఆర్‌సీసీబీ ఉంది కదా, మళ్లీ ఇంకోటా?

ఉన్నా చాలదు. ఇన్వర్టర్ లైన్లో ఫాల్ట్ వస్తే మెయిన్ ఆర్‌సీసీబీ పడుతుంది. అది పడగానే ఇన్వర్టర్ ఏమనుకుంటుంది? కరెంటు పోయిందనుకుంటుంది. వెంటనే బ్యాటరీ మీదికి మారి, ఫాల్ట్ ఉన్న ఆ లైనుకే మళ్లీ కరెంటు పంపుతుంది. లైట్లు వెలుగుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి. ఇంట్లోవాళ్లు వీధిలో కరెంటు పోయిందనుకుని కూర్చుంటారు. ఆర్‌సీసీబీ ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ రెండిటినీ తెంచేస్తుంది కాబట్టి ఇప్పుడు ఇన్వర్టర్ న్యూట్రల్‌కి భూమితో సంబంధం లేదు. ఆ క్షణానికి షాక్ కొట్టకపోవచ్చు. ఇంకోచోట ఇంకో లీకేజీ తోడైతే కొడుతుంది, అప్పుడు పడటానికి ఏ బ్రేకరూ మిగలదు.

పక్కింట్లో కరెంటు ఉండి మీ ఇన్వర్టర్ బ్యాటరీ మీద నడుస్తుంటే ముందు చూడాల్సింది మెయిన్ ఆర్‌సీసీబీనే. పడి ఉంటే దాన్ని పైకి నెట్టి వదిలేయకండి. ఎందుకు పడిందో తేలాలి.

కొత్తగా డీబీ (బ్రేకర్లన్నీ ఉండే పెట్టె) పెట్టించుకునేవాళ్లకి సరైన అమరిక ఇది. మెయిన్ ఐసొలేటర్ (ఇల్లంతా ఆపే స్విచ్) తర్వాత 100 మిల్లీ ఆంపియర్ల ఎస్ టైపు ఆర్‌సీసీబీ. ఇది కొద్దిగా ఆలస్యంగా పడే రకం. దాని తర్వాత లైన్లు రెండుగా చీలాలి. గీజరు, ఏసీ, మోటారు లాంటి పెద్ద లోడ్లకి ఒక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. రెండో చీలికలో సింగిల్ పోల్ ఎంసీబీ, దాని నుంచి ఇన్వర్టర్, ఇన్వర్టర్ అవుట్‌పుట్‌కి సొంతంగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఆ తర్వాత ఇన్వర్టర్ లైన్ల ఎంసీబీలు. ఫ్యాను రెగ్యులేటర్‌లో తడి చేరితే ఇన్వర్టర్ ఆర్‌సీసీబీ ఒక్కటే పడుతుంది, మిగతా ఇల్లు నడుస్తుంది. ఇన్వర్టర్ బాడీకే ఫేజ్ తగిలితే వెనకున్న 100ది పడుతుంది.

ఆర్‌సీసీబీ కొనేటప్పుడు 'A' టైపుది అడగండి. 'AC' టైపు చవక. కానీ టీవీలు, ఎల్‌ఈడీలు, బీఎల్‌డీసీ ఫ్యాన్ల నుంచి లీకయ్యేది శుభ్రమైన ఏసీ కాదు, ముక్కలు ముక్కలుగా ఒకే దిక్కుకి వచ్చే కరెంటు. దాన్ని 'AC' టైపు పసిగట్టకపోవచ్చు. డబుల్ పోల్, 25 ఆంపియర్లది ఇన్వర్టర్ వైపుకి సరిపోతుంది.

ముందు ఇంట్లో ఉన్నదేమిటో చూడండి

బోర్డులు విప్పే పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌దే. అతను చేస్తుంటే పక్కన నిలబడి ఏం చూడాలో, ఏం అడగాలో మీకు తెలిసుండాలి. అన్నిటికన్నా ముందు ఒక హెచ్చరిక. మెయిన్ ఆపినంత మాత్రాన ఇల్లు చల్లబడదు, ఇన్వర్టర్ లైన్లలో 230 వోల్టులు ఉంటూనే ఉంటాయి. ఇన్వర్టర్ ముందున్న స్విచ్ ఆపాలి, ఇన్‌పుట్ ప్లగ్గు లాగాలి, బ్యాటరీ నెగటివ్ లగ్గు (వైరు కొసన బిగించే లోహపు తొడుగు) విప్పాలి. తర్వాత టెస్టర్‌తో కాదు, మల్టీమీటర్‌తో చూసుకుని చెయ్యి పెట్టాలి. ప్లగ్గు లాగాక దాని పిన్నులు పట్టుకోవద్దు, రిలే (లోపల దానంతటదే మారే స్విచ్) అతుక్కుపోయిన ఇన్వర్టర్‌లో అవుట్‌పుట్ కరెంటు వెనక్కి పిన్నుల మీదికి రావచ్చు. ఉంగరాలు, వాచీ తీసేయండి. 12 వోల్టులు షాక్ కొట్టవు, కానీ బ్యాటరీ రెండు టెర్మినల్స్ మధ్య ఉంగరం అడ్డుపడితే క్షణంలో ఎర్రగా కాలి వేలికి అతుక్కుంటుంది.

ఇన్‌పుట్ ప్లగ్గుకి మూడో పిన్ను, అంటే పైన లావుగా ఉండేది, ఉందా? చాలా ఇళ్లలో ఎక్స్‌టెన్షన్ బోర్డుకి సరిపోలేదని దాన్ని విరిచేసి ఉంటారు. పిన్ను ఉన్నా సాకెట్ వెనక పచ్చ వైరు లేకపోతే లాభం లేదు. ఇన్వర్టర్ బాడీకి ఎర్త్ అందేది ఈ పిన్ను గుండానే.

తర్వాత న్యూట్రల్ సంగతి. మనం ఇళ్లలో వాడే ఇన్వర్టర్లలో చాలావాటిలో న్యూట్రల్ లోపల నేరుగా పోతుంది, మారేది ఫేజ్ ఒక్కటే. మీది ఆ రకమో కాదో ఇలా తేలుతుంది. బ్యాటరీ విప్పి, ప్లగ్గు లాగి, పది నిమిషాలు ఆగి, ఇన్‌పుట్ ప్లగ్గు న్యూట్రల్ పిన్నుకీ అవుట్‌పుట్ సాకెట్ న్యూట్రల్ రంధ్రానికీ మధ్య మల్టీమీటర్ కంటిన్యుటీలో పెట్టాలి. బీప్ వస్తే నేరుగా పోయే రకం. వీధిలో కరెంటు పోయినా ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్‌తో న్యూట్రల్ సంబంధం నిలిచే ఉంటుంది, మీ ఆర్‌సీసీబీ పనిచేస్తుంది. బీప్ రాకపోతే బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఆ అవుట్‌పుట్ గాల్లో వేలాడుతున్నట్టే. అలాంటి దానికి న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలపాలా వద్దా, కలిపితే ఏ రిలే ద్వారా అన్నది కంపెనీ మాన్యువల్ చెప్పినట్టే చేయాలి.

ఇన్‌పుట్‌కి సింగిల్ పోల్ ఎంసీబీ అన్నది ఇందుకే. డబుల్ పోల్ స్విచ్ పెడితే దాన్ని ఆపినప్పుడల్లా న్యూట్రల్ కూడా తెగి ఇన్వర్టర్ అవుట్‌పుట్ భూమి నుంచి విడిపోతుంది. ఆ ఎంసీబీ ఫేజ్ మీదే ఉండాలి. ప్లగ్గులో ఫేజ్, న్యూట్రల్ తారుమారైతే ఈ లెక్కంతా తలకిందులవుతుంది.

మీటర్ అబద్ధమాడే చోట బల్బు నిజం చెబుతుంది

మల్టీమీటర్‌తో సాకెట్లో మూడు రీడింగులు తీస్తారు. ఫేజ్–న్యూట్రల్ 230 చుట్టూ, ఫేజ్–ఎర్త్ దాదాపు అంతే, న్యూట్రల్–ఎర్త్ రెండు మూడు వోల్టుల లోపు. ఇవి సరిగ్గా రాకపోతే ఎర్త్‌లో తేడా ఉన్నట్టే. సరిగ్గా వచ్చినంత మాత్రాన ఎర్త్ బాగున్నట్టు కాదు. మీటర్ లాగే కరెంటు బహు తక్కువ, తుప్పు పట్టి వెంట్రుక మందాన మిగిలిన ఎర్త్ వైరు కూడా దానికి చాలు.

కాబట్టి పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బు ఒకటి హోల్డర్‌తో సిద్ధంగా పెట్టుకోవాలి. ఎల్‌ఈడీ పనికిరాదు, అది కొసరు కరెంటుకి కూడా వెలిగి మోసం చేస్తుంది. బల్బుని ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కలపగానే ఆర్‌సీసీబీ ఉన్న లైన్లో అది పడిపోవాలి. పడితే ఎర్త్ చుట్టు పూర్తవుతున్నట్టు. ఆర్‌సీసీబీ కన్నా ముందు నుంచి ఫేజ్ తీసి కలిపితే బల్బు పూర్తి కాంతితో వెలగాలి. అప్పుడు న్యూట్రల్–ఎర్త్ మధ్య వోల్టేజి ఎంత పెరిగిందో చూసి 0.43తో భాగిస్తే ఎర్త్ చుట్టు ఎన్ని ఓమ్‌లో సుమారుగా తెలుస్తుంది. 2 వోల్టులు పెరిగితే 4.6 ఓమ్‌లు. 20 వోల్టులు పెరిగితే 46, ఆ గుంటని పట్టించుకోవాల్సిందే.

ఈ పరీక్షలో ఒక ప్రమాదం ఉంది. గుంట దగ్గర ఎర్త్ వైరు తెగి ఉంటే, బల్బు గుండా వచ్చిన ఫేజ్ ఇంట్లో ఎర్త్‌కి కలిసిన ప్రతి వస్తువు బాడీ మీదికీ ఎక్కుతుంది: ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, గీజరు, అన్నీ. పరీక్ష చేసే రెండు మూడు సెకన్లూ ఇంట్లో ఎవరూ దేన్నీ ముట్టుకోకూడదు. పిల్లల్ని బయటికి పంపి చేయండి.

ఇదే పరీక్ష రెండోసారి ఇన్వర్టర్ మీద చేయాలి, చాలామంది వదిలేసేది ఇదే. ఇన్‌పుట్ సింగిల్ పోల్ ఎంసీబీ ఆపండి. బ్యాటరీ మీదికి మారుతుంది. ఇన్వర్టర్ సాకెట్లో ఫేజ్–ఎర్త్ మధ్య బల్బు పెట్టగానే అవుట్‌పుట్ ఆర్‌సీసీబీ పడిందా, పని సరిగ్గా జరిగినట్టు. పడకపోతే, బల్బు వెలగకపోతే, న్యూట్రల్ ఎక్కడో తెగిపోతోంది.

ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కితే పడింది కాబట్టి ఎర్త్ బాగుంది అనుకోవద్దు. ఆ బటన్ లోపలే ఒక రెసిస్టర్ గుండా ఫేజ్‌ని అవతలి వైపు న్యూట్రల్‌కి కలుపుతుంది, ఎర్త్‌తో దానికి పనిలేదు. ఎర్త్ వైరే లేని ఇంట్లో కూడా బటన్ పనిచేస్తుంది. అది బ్రేకర్ ఆరోగ్యాన్ని చూపిస్తుంది, అంతే. నెలకోసారి నొక్కుతుండండి.

వైరింగు

900 నుంచి 1100 వీఏ ఇన్వర్టర్‌కి కావాల్సినవి: 2.5 చదరపు ఎంఎం రాగి వైరు మూడు రంగుల్లో, ఎరుపు ఫేజ్‌కి, నలుపు న్యూట్రల్‌కి, పచ్చ ఎర్త్‌కి. 16 ఆంపియర్ల మూడు పిన్నుల సాకెట్, ప్లగ్గు. 10 ఆంపియర్ల సింగిల్ పోల్ ఎంసీబీ. అవుట్‌పుట్ ఆర్‌సీసీబీ. చిన్న డీబీ, అందులో రెండు పట్టీలు, ఒకటి న్యూట్రల్‌కి, ఒకటి ఎర్త్‌కి. క్రింప్ చేసే రాగి లగ్గులు, స్టార్ వాషర్లు.

ఇన్వర్టర్ వెనక ఎర్త్ గుర్తుతో స్క్రూ ఉంటే ప్లగ్గు పిన్నుతో సరిపెట్టకుండా ఆ స్క్రూ నుంచి డీబీ ఎర్త్ పట్టీకి పచ్చ వైరు విడిగా లాగండి, ఎప్పుడైనా ప్లగ్గు లాగినా బాడీ ఎర్త్ ఊడదు. స్క్రూ కింద పెయింటు గీకి, స్టార్ వాషరు వేసి బిగించాలి. పెయింటు మీద బిగించిన ఎర్త్ చూడ్డానికే. బ్యాటరీ ఇనప స్టాండు మీద ఉంటే స్టాండునీ అదే పట్టీకి కలపండి. ప్లాస్టిక్ ట్రాలీకి అవసరం లేదు. బ్యాటరీ టెర్మినల్‌ని మాత్రం ఎర్త్ చేయకండి. కారులో నెగటివ్‌ని బాడీకి కలుపుతారు కదా అని ఇక్కడా కలిపేవాళ్లున్నారు. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఇన్వర్టర్లలో బ్యాటరీ వైపు ఏసీ వైపు నుంచి విడిగా ఉండకపోవచ్చు, కలిపితే బోర్డు కాలిపోతుంది.

ఎర్త్ వైరు ఒక పరికరం నుంచి ఇంకో పరికరానికి గొలుసులా పోకూడదు. ప్రతిదీ పట్టీకే రావాలి. గొలుసులో ఒక లింకు ఊడితే దాని తర్వాతవన్నీ ఎర్త్ లేనివైపోతాయి.

ఇప్పుడు న్యూట్రల్ చిక్కు. మన దగ్గర పాత ఇళ్లలో ఇన్వర్టర్ బిగించేటప్పుడు అవుట్‌పుట్ నుంచి ఒక్క ఫేజ్ వైరే బోర్డులకి లాగి, న్యూట్రల్‌కి ఇంట్లో ఉన్నదే వాడేస్తారు. గంటలో పని అయిపోతుంది, గోడలు తవ్వక్కర్లేదు. కానీ ఆ ఇంట్లో అవుట్‌పుట్ ఆర్‌సీసీబీ పెట్టగానే నిలబడకుండా పడుతూనే ఉంటుంది, ఎందుకంటే ఫేజ్ దాని గుండా వెళ్లి న్యూట్రల్ ఇంకో దారిన తిరిగొస్తోంది. అప్పుడు "ఆర్‌సీసీబీ మనకి పడదండీ" అని దాన్ని పీకేసి చేతులు దులుపుకుంటారు. తప్పు దానిది కాదు. ఇన్వర్టర్ లైన్లన్నిటి న్యూట్రల్‌నీ విడదీసి ఇన్వర్టర్ డీబీలోని సొంత పట్టీకి తేవాలి. ఒక్కో స్విచ్‌బోర్డులో కామన్ న్యూట్రల్ వెతికి విడదీయడం ఓపిక తినే పని, రెండు గదుల ఇంటికి ఒక రోజు పట్టవచ్చు. అది కుదరదంటే కనీసం మెయిన్‌లో 30 మిల్లీ ఆంపియర్లదైనా ఉండాలి, కాకపోతే మెయిన్‌ది పడితే ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి మారే లోపం దానికి ఉండనే ఉంటుంది.

గుంట: మన నేలల్లో

ఇన్వర్టర్‌కి విడిగా గుంట అక్కర్లేదు. ఇంటికి ఒక మంచి ఎర్త్ ఉంటే దానికే కలపాలి. రెండు గుంటలు తీసి రెండిటినీ కలపకుండా వదిలేస్తే ఫాల్ట్ వచ్చినప్పుడు ఒక పరికరం బాడీకీ పక్కదాని బాడీకీ మధ్యే వోల్టేజి ఉంటుంది. మేడ మీద సోలార్ పెట్టినవాళ్లకి మెరుపు కడ్డీ ఎర్త్ గుంట వేరు, దాన్ని ఇంట్లో పచ్చ వైర్ల మీదుగా దించకూడదు.

40 ఎంఎం జీఐ (జింకు పూత వేసిన ఇనప) పైపు 2.5 మీటర్లు భూమిలోకి నిలువుగా దించితే ఎన్ని ఓమ్‌లొస్తాయన్నది మట్టిని బట్టి ఉంటుంది. మట్టి నిరోధకత 10 ఓమ్-మీటర్లయితే 3.5 ఓమ్‌లు. 100 అయితే 35. రాతి నేల 1000 అయితే 350. పైపు లావు రెట్టింపు చేస్తే తగ్గేది 12 శాతమే. లోతు రెట్టింపు చేస్తే 44 శాతం తగ్గుతుంది. లావు పైపుకి పెట్టే డబ్బు లోతుకి పెట్టండి.

గుంటూరు చుట్టూ నల్లరేగడి. తడిగా ఉన్నప్పుడు ఎర్తింగ్‌కి దీనంత మంచి మట్టి లేదు. చిక్కంతా ఎండల్లో. రోహిణి కార్తె వచ్చేసరికి నేల నెర్రెలు విచ్చి పైపు చుట్టూ మట్టి దూరంగా జరిగిపోతుంది, పైపు గాల్లో నిలబడ్డట్టవుతుంది. వానాకాలంలో 3 ఓమ్‌లు చూపించిన గుంట మే నెలలో ఎన్నో రెట్లు చూపిస్తుంది. అందుకని ఇక్కడ పైపు చుట్టూ ఒట్టి నల్లమట్టి కూరకూడదు. బెంటొనైట్ లాంటి ఎర్తింగ్ పౌడరు నీళ్లలో జావలా కలిపి పోయాలి, అది తడిని పట్టి పైపుకి అంటుకుని ఉంటుంది. 6 అంగుళాల బోరు 3 మీటర్లంటే లోపలి జాగా దాదాపు 55 లీటర్లు, 25 కిలోల బస్తాలు సుమారు రెండు పడతాయి.

ఉప్పు–బొగ్గు పద్ధతి చవక, పనిచేస్తుంది కూడా. పైపుకి 12 ఎంఎం రంధ్రాలు వేసి, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక పలచని వరస కల్లుప్పు. కానీ ఉప్పు ప్రతి వానకీ కరిగి కిందికి పోతుంది, పోతూ పోతూ జీఐ పైపుని తినేస్తుంది. నాలుగైదేళ్లకి తవ్వి చూస్తే పైపు జల్లెడలా కనిపించడం మామూలే. కొత్తగా తీసేవాళ్లు 3 మీటర్ల రాగి పూత కడ్డీ, పౌడరు వైపు వెళ్లడం మేలు. పూత 250 మైక్రాన్లు ఉండాలి. రాగి రంగు పూసిన ఇనప కడ్డీలు కూడా అమ్ముతారు, కొస దగ్గర ఆకురాయితో గీకితే బయటపడుతుంది.

విజయవాడలో పల్లపు పేటల్లో కృష్ణ ఒండ్రు, తడి తొందరగా తగులుతుంది, ఇబ్బంది తక్కువ. ఇంద్రకీలాద్రి వాలులోనో, మొగల్రాజపురం, గుణదల కొండల మీదో ఉన్న ఇళ్లది వేరే కథ. గడ్డపార మూడడుగులు దిగేసరికి రాయి ఖంగుమంటుంది. అక్కడ నిలువు కడ్డీ కోసం పోరాడకుండా అడ్డంగా వెళ్లాలి. అర మీటరు లోతు కాలువ తవ్వి 25 ఇంటూ 4 ఎంఎం జీఐ పట్టీని 15 మీటర్లు పరిచి చుట్టూ పౌడరు వేయాలి. అంత జాగా లేకపోతే దిగువన మట్టి ఉన్న చోట రెండు మూడు ఇళ్లవాళ్లు కలిసి గుంట తీయించుకోవచ్చు. ఇన్ని చేసినా 5 ఓమ్‌లు రాకపోవచ్చు. 350 ఓమ్‌లొచ్చినా ఫాల్ట్ కరెంటు అర ఆంపియరు పైనే ఉంటుంది, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పడిపోతుంది. కొండ మీది ఇంట్లో ఆర్‌సీసీబీ లేని ఇన్వర్టర్ పెట్టుకోవడం అన్నిటికన్నా చెడ్డ ఆలోచన.

గుంట గోడకి 1.5 మీటర్లు ఎడంగా ఉండాలి. రెండు కడ్డీలు వేస్తే వాటి మధ్య దూరం కడ్డీ పొడవుకి రెట్టింపు. దగ్గర దగ్గరగా వేసిన రెండు కడ్డీలు ఒకే మట్టిని పంచుకుంటాయి, రెండోదాని డబ్బు దండగ. గుంట నుంచి డీబీకి 8 గేజి జీఐ వైరు లేదా 6 చదరపు ఎంఎం రాగి వైరు. రాగి వైరుని జీఐ పైపుకి చుట్టి మెలిపెట్టడం చాలాచోట్ల కనిపిస్తుంది. తడిలో రాగీ జింకూ తగులుకుంటే జింకు కరిగిపోతుంది, కొన్నాళ్లకి అక్కడ తుప్పు తప్ప పట్టు మిగలదు. తగరం పూసిన లగ్గు, జీఐ బోల్టు, పైన గ్రీజు. ఆ అతుకు మట్టిలో పూడ్చకుండా మూత ఉన్న చిన్న సిమెంటు తొట్టిలో కంటికి కనపడేలా ఉంచాలి. ఏసీ నుంచి కారే నీళ్ల పైపుని ఈ తొట్టిలోకి మళ్లిస్తే వేసవంతా తడి దానంతటదే ఉంటుంది. ఏసీ లేనివాళ్లు ఎండాకాలంలో వారానికి రెండు బకెట్లు పోస్తే చాలు.

అపార్ట్‌మెంట్లో అయితే గుంట సెల్లార్‌లో ఉంటుంది, మీ చేతిలో ఉండేది మీ ఫ్లాట్ డీబీ వరకే. అక్కడికి పచ్చ వైరు నిజంగా వచ్చిందో లేదో బల్బు పరీక్ష చెబుతుంది. రాకపోతే సొసైటీవాళ్లని అడిగి షాఫ్టులో వైరు లాగించుకోవాలి. బాత్‌రూమ్ కుళాయి పైపుకో, గ్యాస్ పైపుకో కలపడం ఎర్తింగ్ కాదు. ఇప్పటి నీళ్ల పైపులు ప్లాస్టిక్‌వి, ఇనపవైతే మీ ఫాల్ట్ కింది ఫ్లాట్ స్నానాలగదిలో తేలుతుంది.

ఇక ఎర్త్ లేని ఇంట్లో న్యూట్రల్‌నే సాకెట్ ఎర్త్ రంధ్రానికి లూప్ చేసే "చిట్కా". మీటర్ పెడితే ఫేజ్–ఎర్త్ 230, న్యూట్రల్–ఎర్త్ సున్నా, అద్భుతంగా చూపిస్తుంది. గాలివానకి స్తంభం దగ్గర న్యూట్రల్ ఊడిన మరుక్షణం, వెలుగుతున్న బల్బు గుండా ఫేజ్ న్యూట్రల్ మీదికొచ్చి, అక్కడి నుంచి ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ బాడీలన్నిటి మీదికీ ఎక్కుతుంది. చవక పోర్టబుల్ ఇన్వర్టర్లలోనైతే రెండు తీగల్లో ఏదీ న్యూట్రల్ కాదు, భూమితో పోలిస్తే రెండిటి మీదా సగం సగం వోల్టేజి ఉంటుంది. అందులో ఒకటి ఎర్త్‌కి కలిపితే ఇన్వర్టర్ అక్కడికక్కడే కాలిపోవచ్చు. సాకెట్ విప్పినప్పుడు న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చిన్న వైరు ముక్క కనిపిస్తే ముందు దాన్ని కత్తిరించండి.

తేడా వచ్చినప్పుడు

ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే జివ్వుమంటోంది, టెస్టర్ మసకగా వెలుగుతోంది. చాలాసార్లు అది ఫాల్ట్ కాదు. ఎలక్ట్రానిక్ బోర్డుల్లో ఫేజ్‌కీ బాడీకీ, న్యూట్రల్‌కీ బాడీకీ మధ్య చిన్న కెపాసిటర్లుంటాయి. ఎర్త్ ఊడితే బాడీ మధ్యలో, 115 వోల్టుల దగ్గర వేలాడుతుంది. కరెంటు మిల్లీ ఆంపియరు లోపే, ప్రాణం తీయదు. కానీ ఆ లైనుకి ఎర్త్ లేదని అది చెబుతున్న కబురు. న్యూట్రల్–ఎర్త్ మధ్య 60, 100 వోల్టులు కనిపిస్తే కూడా అర్థం అదే.

కరెంటు వచ్చి పోయే క్షణంలోనే ఆర్‌సీసీబీ పడుతుంటే ఎక్కడో న్యూట్రల్స్ ఇంకా కలిసి ఉన్నాయి. వాన పడిన రోజుల్లోనే పడుతుంటే గేటు లైటు, మేడ మీది బోర్డు చూడండి. ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు మాత్రమే ఎర్త్ పరీక్ష తప్పితే ఇన్‌పుట్ ప్లగ్గు వదులుగా ఉండి న్యూట్రల్ పిన్ను పట్టడం లేదేమో ముందు చూడాలి. పిన్ను నల్లబడి ఉంటే ప్లగ్గూ సాకెట్టూ రెండూ మార్చండి, ఒకటి మారిస్తే రెండోది కొత్తదాన్ని కాలుస్తుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఇళ్లలో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. అలాంటి పేటల్లో ఇన్వర్టర్, బ్యాటరీ, వాటి సాకెట్ అన్నీ నడుం ఎత్తు పైనే పెట్టాలి. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ 50 కిలోలు దాటుతుంది, గోడకి కొట్టిన చెక్క అర మొయ్యదు, కడప రాయి బల్ల కావాలి. నీళ్లు ఇంట్లోకి వస్తుంటే ఆపాల్సింది మెయిన్ ఒక్కటే కాదు, ఇన్వర్టర్ స్విచ్ కూడా. అప్పటికే నీళ్లు సాకెట్ల దాకా వచ్చేసి ఉంటే ఇన్వర్టర్ ఆపడానికని అందులోకి దిగొద్దు. నీళ్లు తీశాక మునిగిన ఆర్‌సీసీబీని ఆరబెట్టి వాడకూడదు, పారేయాల్సిందే. గుంట తొట్టిలో బురద తీసి బోల్టు విప్పి శుభ్రం చేసి మళ్లీ బల్బు పరీక్ష చేయాలి.

పనంతా అయ్యాక మీటర్ బోర్డు మీదా డీబీ మూత లోపలా చెరగని మార్కరుతో తెలుగులోనే రాయించండి: "మెయిన్ ఆపినా ఇన్వర్టర్ కరెంటు ఉంటుంది. ఇన్వర్టర్ స్విచ్ మెట్ల కింద ఉంది." మీ ఇంట్లో ఎక్కడుంటే అక్కడి పేరు. దాని కింద ఎర్త్ కొలిచిన తేదీ, ఎన్ని ఓమ్‌లు వచ్చిందీ. తర్వాతి కొలత మే నెలలో తీయించండి, వానాకాలంలో కాదు.